సున్నపు నేలల్లో పొట్టి నూరువరహాలు: జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో పొద పరిమాణం, పెరుగుదల యాజమాన్యం

నూరువరహాలు కాఫీ కుటుంబమైన రూబియేసికి చెందిన సతతహరిత పూలపొద. దక్షిణ భారతదేశం, శ్రీలంక దీని సహజ నివాసాలు. 1753లో లిన్నేయస్ దీనికి ఇక్సోరా కాక్సీనియా అని శాస్త్రీయ నామం పెట్టాడు. కొమ్మ చివర గుత్తిగా విచ్చుకునే పూలు దేవతార్చనకు, ఇంటి ముంగిటి అలంకరణకు తెలుగు నేలపై చిరకాలంగా వాడుకలో ఉన్నాయి. పాత రకాలు రెండు మీటర్లకు పైగా పెరుగుతాయి. గత కొన్ని దశాబ్దాలలో చిన్న ఆకులు, దగ్గర కణుపులు గల పొట్టి రకాలు ప్రచారంలోకి వచ్చాయి. ఇవి సాధారణంగా 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో నిలుస్తాయి కాబట్టి పురపాలక ఉద్యానాలు, పాఠశాలలు, కార్యాలయ ప్రాంగణాలు, ఇళ్ళ ముందు బాటల అంచుల కోసం వీటినే ఎంచుకుంటున్నారు.

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామలు 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగం. ఈ ప్రాంతంలో పొట్టి నూరువరహాలు నాటినవారికి రెండు పరస్పర విరుద్ధమైన సమస్యలు ఎదురవుతాయి. కొన్నిచోట్ల పొద అనుకున్న హద్దు దాటి పెరుగుతుంది. మరికొన్నిచోట్ల అసలు పెరగదు, ఆకులు పసుపుబారి, పూత లేక, రెండు మూడేళ్ళలో ఎండిపోతుంది. రెండింటికీ తోటమాలి చేతిలో ఉన్న సాధనం కత్తెర ఒక్కటే కావడంతో రెండు పొదలకూ ఒకే వైద్యం జరుగుతుంది. మొదటి పొద పూత కోల్పోతుంది, రెండవది ప్రాణం కోల్పోతుంది. పొట్టితనం వేరు, గిడసబారడం వేరు. పొట్టితనం రకానికి చెందిన జన్యులక్షణం. గిడసబారడం నేల, నీరు, వేరు పరిస్థితుల ఫలితం. ఈ తేడాను గుర్తించిన తరువాతనే పరిమాణ నియంత్రణకు పూనుకోవాలన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

నేల స్వభావం

జగ్గయ్యపేట పరిసరాలు పల్నాడు సున్నపురాతి మండలానికి ఉత్తరపు అంచున ఉన్నాయి. ఇక్కడి సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు ఈ రాయే. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన జగ్గయ్యపేట బౌద్ధస్తూపపు శిల్పఫలకాలు కూడా సున్నపురాతివే. రాతిలో ఉన్న సున్నం మట్టిలోకి, మట్టిలోది భూగర్భజలంలోకి చేరడం సహజం. మెట్టలోని నల్లరేగడి నేలల్లోనూ అడుగు పొరల్లో తెల్లని సున్నపు గుళికలు తరచుగా కనిపిస్తాయి. పత్తి, మిరప, మొక్కజొన్న వంటి పంటలు ఈ నేలలను తట్టుకొని దిగుబడినిస్తాయి. నూరువరహాలు అలా కాదు. ఇది ఆమ్లగుణం గల నేలను కోరుకునే మొక్క. ఉదజని సూచిక 5.5 నుంచి 6.5 మధ్య ఉన్నచోట బాగా పెరుగుతుంది. సున్నపు నేలల్లో ఈ సూచిక సాధారణంగా 7.5 నుంచి 8.5 వరకు ఉంటుంది.

ఉదజని సూచిక ఒక ప్రమాణం పెరిగితే నేలద్రావణంలో ఫెర్రిక్ ఇనుము కరిగే గుణం సుమారు వెయ్యి రెట్లు తగ్గుతుంది. నేలలో ఇనుము లేక కాదు, అది కరగక మొక్కకు అందదు. నీటిలోని బైకార్బొనేట్ ఈ ఇబ్బందిని మరింత పెంచుతుంది. వేరు ఇనుమును గ్రహించడాన్ని అది అడ్డుకోవడమే గాక, గ్రహించిన ఇనుము ఆకులో వినియోగం కావడాన్ని కూడా తగ్గిస్తుంది. పత్రహరితం తయారీకి ఇనుము తప్పనిసరి కాబట్టి లేత ఆకులు ముందుగా పాలిపోతాయి.

మొక్కలు వచ్చే చోటు కూడా గమనించదగినదే. ఈ ప్రాంతంలో నాటే అలంకరణ మొక్కల్లో చాలా భాగం తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి వస్తాయి. మొక్క అక్కడి సంచిలోని మట్టితోనే దిగుతుంది. నాటిన తొలి నెలల్లో వేర్లు ఆ మట్టిగడ్డలోనే ఉంటాయి కాబట్టి ఆకులు పచ్చగా కనిపిస్తాయి. వేర్లు గడ్డ దాటి స్థానిక సున్నపు మట్టిలోకి చొచ్చుకుపోయిన తరువాత అసలు సమస్య మొదలవుతుంది. అందుకే నాటిన తొలి ఏడాది మొక్క బాగుందన్న కారణంతో ఆ స్థలం అనుకూలమని నిర్ధారించకూడదు.

పొట్టి పొదను, గిడసబారిన పొదను గుర్తించడం

ఆరోగ్యంగా ఉన్న పొట్టి రకంలో కణుపుల మధ్య దూరం తక్కువగా ఉన్నప్పటికీ లేత ఆకులు పూర్తి పరిమాణానికి వచ్చి ముదురాకుపచ్చకు మారతాయి. కొమ్మల చివర పూగుత్తులు ఏర్పడతాయి. పొద నేలమట్టం దాకా ఆకులతో నిండి ఉంటుంది.

గిడసబారిన పొదలో కొత్త ఆకుల ఈనెలు పచ్చగా ఉండి వాటి నడుమ భాగం పసుపుబారుతుంది. లోపం తీవ్రమైతే ఆకు మొత్తం తెలుపెక్కి అంచులు మాడుతాయి. ఆకులు చిన్నవవుతాయి, చివరి రెమ్మలు ఎండుతాయి, పూగుత్తులు పలచబడతాయి. మాంగనీసు లోపంలోనూ దాదాపు ఇవే లక్షణాలు కనబడతాయి. దానికి మూలకారణం కూడా తరచుగా అధిక ఉదజని సూచికే. పసుపు రంగు ముదురు ఆకులతో మొదలైతే కారణం వేరు. ముదురు ఆకులన్నీ సమంగా పాలిపోతే నత్రజని లోపాన్ని, వాటిపై ఊదా లేక గోధుమ మచ్చలు ఏర్పడితే పొటాష్ లేదా భాస్వరం లోపాన్ని అనుమానించాలి.

వేర్లను పరిశీలించడం మరువరాదు. నూరువరహాలకు వేరుబుడిపె నులిపురుగులు సోకుతాయి. ఒక మొక్కను జాగ్రత్తగా పెకలించి చూసినప్పుడు సన్న వేర్లపై బుడిపెలు కనిపిస్తే ఇనుము ఎంత అందించినా ఆశించిన ఫలితం రాదు. నల్లరేగడిలో నీరు నిలిచి వేర్లు కుళ్ళడం మరొక కారణం.

మూడవ అవకాశం రకం మారిపోవడం. పొట్టి రకమని కొన్న మొక్క నిజానికి పొడవు రకమైతే ఎంత కత్తిరించినా అది తన స్వభావానికే తిరిగివస్తుంది. పొట్టి రకాల ఆకులు సాధారణంగా ఐదు సెంటీమీటర్లకు మించవు, పొడవు రకాలలో అవి దాదాపు పది సెంటీమీటర్ల దాకా ఉంటాయి. కొనేముందే ఆకు కొలత, కణుపుల మధ్య దూరం చూడటం మేలు.

క్షేత్రస్థాయి పరీక్షగా, ఎండిన మట్టిపై సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసి చూడాలి. బుడగలు పొంగితే స్వేచ్ఛా సున్నం ఉన్నట్లు. ప్రయోగశాలలో ఉదజని సూచిక, స్వేచ్ఛా సున్నం శాతం, సాగునీటిలో బైకార్బొనేట్ పరిమాణం కొలిపించాలి. లిండ్సే, నార్వెల్ 1978లో ప్రతిపాదించిన డి.టి.పి.ఎ. పద్ధతిలో కిలో మట్టికి 4.5 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఇనుము ఉంటే లోపంగా పరిగణించడం వాడుక. ఆకు విశ్లేషణలో ఒక చిక్కు ఉంది. పసుపుబారిన ఆకులోని మొత్తం ఇనుము ఒక్కొక్కసారి పచ్చని ఆకులో కంటే ఎక్కువగా తేలుతుంది. అందువల్ల 1980లో కత్యాల్, శర్మలు సూచించినట్లు తాజా ఆకులోని క్రియాశీల ఫెర్రస్ ఇనుమును కొలవడమే నమ్మదగినది.

నేలను మార్చడం సాధ్యమా?

నేలకు గంధకం వేసి ఉదజని సూచికను తగ్గించవచ్చని తరచుగా సలహా ఇస్తారు. సున్నం లేని నేలల్లో ఈ సలహా పనిచేస్తుంది. సున్నపు నేలల్లో లెక్క వేరు. ఒక హెక్టారులో 15 సెంటీమీటర్ల పైపొర మట్టి బరువు సుమారు 2,240 టన్నులు. అందులో ఒక శాతం సున్నం ఉంటే 22.4 టన్నులవుతుంది. వంద భాగాల కాల్షియం కార్బొనేట్‌ను తటస్థపరచడానికి 32 భాగాల గంధకం కావాలి. అంటే ఒక్క శాతం సున్నానికే హెక్టారుకు సుమారు 7.2 టన్నుల గంధకం అవసరం. ఐదు శాతం ఉంటే 36 టన్నులు. 45 సెంటీమీటర్ల ఘనపు గుంతలోని సుమారు 120 కిలోల మట్టిలో ఐదు శాతం సున్నం ఉంటే ఆరు కిలోలు. దాన్ని కరిగించడానికి దాదాపు రెండు కిలోల గంధకం కావాలి. ఒక్క పొదకు ఇంత వ్యయం సమంజసం కాదు. పైగా చుట్టుపక్కల మట్టి నుంచి సున్నం నీటితో తిరిగి వస్తూనే ఉంటుంది.

కాబట్టి ఉన్న నేలను మార్చే బదులు, దానికి పైన వేరే నేలను కల్పించడమే ఆచరణీయం. 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టి, సున్నం లేని ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి నింపాలి. ఎర్రమట్టిని కూడా ఆమ్లపు చుక్కతో పరీక్షించిన తరువాతే వాడాలి. మడి గోడలు ఇటుక, సిమెంటుతో కట్టినట్లయితే లోపలివైపు మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచాలి, అడుగుభాగాన్ని మాత్రం నీరు పోవడానికి తెరిచే ఉంచాలి. నీరు ఇంకడానికి అడుగున వేసే కంకర నల్లరాతిదై ఉండాలి. ఈ ప్రాంతంలో చవకగా దొరికే సున్నపురాతి ముక్కలు వేస్తే మడి కట్టిన ప్రయోజనం దెబ్బతింటుంది. కట్టడాల గోడలకు కనీసం 60 సెంటీమీటర్ల ఎడం పాటించాలి. మడి అంచు రాళ్ళకు ఏటా సున్నం వేసే అలవాటును మానుకోవాలి. వర్షంతో ఆ సున్నం నేరుగా వేర్ల వద్దకే చేరుతుంది.

సాగునీటి ద్వారా చేరే సున్నం

ఎత్తు మడి కట్టినంత మాత్రాన సమస్య శాశ్వతంగా తీరదు. బోరు నీరు మడిలోకి సున్నాన్ని మోసుకొస్తుంది. ఉదాహరణకు లీటరు నీటిలో 300 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ ఉందనుకుంటే, అది సుమారు 250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత. 60 సెంటీమీటర్ల ఎడంలో నాటిన ఒక పొదకు రోజుకు రెండు లీటర్ల చొప్పున ఏడాదిలో 200 రోజులు నీరు పెడితే 400 లీటర్లు, అంటే 100 గ్రాముల సున్నానికి సమానమైన క్షారత చేరుతుంది. వానలు కొంత కడిగివేసినా, నాలుగైదేళ్ళలో ఎర్రమట్టి మడి కూడా సున్నపు మడిగా మారే అవకాశం ఉంది.

దీనికి విరుగుడు రెండు మార్గాల కలయికలో ఉంది. నత్రజనిని అమ్మోనియం సల్ఫేట్ రూపంలో ఇస్తే కొంత ఆమ్లత్వం పుడుతుంది. 100 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ సుమారు 110 గ్రాముల సున్నాన్ని తటస్థపరచగలదు. అయితే మొత్తం భారాన్ని దీనిపైనే మోపకూడదు. నత్రజని ఎక్కువైతే కణుపుల మధ్య దూరం పెరిగి, పొద మెత్తగా సాగి, పూత తగ్గుతుంది. పొట్టి పొద పొట్టిగా ఉండాలంటే నత్రజని పరిమితంగానే అందాలి. పొదకు ఏడాదికి 40 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్‌ను పది గ్రాముల చొప్పున నాలుగు విడతలుగా ఇస్తే ఎనిమిది గ్రాముల నత్రజని అంది, దాదాపు 44 గ్రాముల సున్నం తటస్థమవుతుంది. మిగిలిన 56 గ్రాములకు సుమారు 18 గ్రాముల గంధకం చాలు. గంధకాన్ని వానలు మొదలైన తరువాత తేమగల మట్టిలో కలపాలి. సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చడానికి వారాలు పడుతుంది కనుక వెంటనే ఫలితం ఆశించరాదు. ఈ లెక్క ఉదాహరణ మాత్రమే. స్థానిక నీటి పరీక్ష ఫలితాన్ని బట్టి మోతాదును సరిచూసుకొని, ఏటా మడి మట్టి ఉదజని సూచికను కొలవాలి. ఇంటి కప్పుపై పడిన వాన నీటిని నిల్వచేసి వాడగలిగితే అంతకు మించిన ఉపాయం లేదు.

ఇనుప ధాతు లోప నివారణ

ఇప్పటికే పాలిపోయిన పొదలకు లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి, వారం వ్యవధిలో రెండు మూడుసార్లు సాయంత్రం వేళ ఆకులు తడిసేలా పిచికారి చేయాలి. ద్రావణాన్ని ఏ పూటకాపూట తయారుచేసుకోవాలి. ఇనుము ఆకు నుంచి ఆకుకు తేలికగా కదలదు కాబట్టి పిచికారి తరువాత వచ్చే చిగురు మళ్ళీ పాలిపోవచ్చు. అందుచేత ఇది ఉపశమనమే గాని చికిత్స కాదు.

అన్నభేదిని సున్నపు నేలలో వేస్తే త్వరలోనే కరగని రూపానికి మారిపోతుంది. చెలేటెడ్ ఇనుములో కూడా రకాన్ని బట్టి తేడా ఉంటుంది. ఇ.డి.టి.ఎ. రూపం ఉదజని సూచిక సుమారు 6.5 వరకు, డి.టి.పి.ఎ. రూపం సుమారు 7.5 వరకు మాత్రమే నిలకడగా ఉంటాయి. అంతకు మించిన నేలల్లో ఇ.డి.డి.హెచ్.ఎ. రూపమొక్కటే పనిచేస్తుంది. సీసాపై చెలేటెడ్ ఇనుము అన్న పేరు చూసి కాక, ఏ చెలేటో చూసి కొనమని రైతులకు, తోటమాలులకు చెప్పడం విస్తరణ సిబ్బంది బాధ్యత.

కత్తిరింపులు

ఆరోగ్యంగా పెరుగుతున్న పొదకు మాత్రమే కత్తిరింపు వర్తిస్తుంది. నూరువరహాలలో పూగుత్తి కొత్త కొమ్మ చివర ఏర్పడుతుంది. చివర కత్తిరిస్తే ఎదురెదురు ఆకుల మొదళ్ళ నుంచి రెండు కొత్త రెమ్మలు వస్తాయి. అవి పెరిగి, ముదిరి, చివర పూమొగ్గ వేయడానికి వారాలు చాలవు, నెలలు పడుతుంది. రెండు మూడు వారాలకొకసారి పెద్ద కత్తెరతో పైభాగాన్ని సమంగా కొట్టే పద్ధతిలో ప్రతి రెమ్మా పూయకముందే తెగిపోతుంది. పొద ఆకుపచ్చని గోడగా మిగులుతుంది. పైపొర దట్టమై లోపలికి వెలుతురు అందక అడుగు ఆకులు రాలుతాయి. మాటిమాటికి వచ్చే లేత చిగురుపై పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగులు చేరి, వాటి తేనెబంకపై మసి పెరుగుతుంది.

దీనికి బదులు మూడోవంతు పద్ధతిని అనుసరించవచ్చు. పొదలోని కొమ్మలను మనసులో మూడు భాగాలుగా ఎంచుకొని, ఏడాదిలో మూడుసార్లు, ఒక్కొక్కసారి అన్నిటికంటే పొడవైన మూడోవంతు కొమ్మలను మాత్రమే చిన్న కత్తెరతో పొద లోపలికి, ఒక కణుపు పైభాగాన కత్తిరించాలి. కోత గుర్తులు మిగిలిన ఆకుల చాటున ఉండిపోతాయి. ప్రతి కొమ్మకు పూయడానికి దాదాపు ఏడాది వ్యవధి దొరుకుతుంది. పొద ఎత్తు హద్దు దాటదు. ఏ కాలంలోనూ పూత పూర్తిగా ఆగదు.

మెట్ట ప్రాంత వాతావరణానికి జూలై, అక్టోబరు, ఫిబ్రవరి నెలలు అనువైనవి. ప్రధాన కత్తిరింపు తొలకరి తరువాత జూలైలో చేయాలి. అప్పుడు తేమ, వెచ్చదనం రెండూ ఉండి చిగురు త్వరగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కత్తిరింపు తగదు. నందిగామ ప్రాంతంలో మే ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. నీడకు అలవాటుపడిన లోపలి ఆకులు, కొమ్మలు ఒక్కసారిగా ఎండకు గురైతే మాడిపోతాయి. ఆ రెండు నెలలు ఎండుగడ్డి లేదా ఎండుటాకులను మొదళ్ళ చుట్టూ పది సెంటీమీటర్ల మందాన పరిచి తేమను కాపాడటమే ముఖ్యమైన పని.

కంచెగా పెంచే పొదలకు అడుగు వెడల్పుగా, పైభాగం కాస్త సన్నగా ఉండేలా ఆకారం ఇవ్వాలి. పైభాగం వెడల్పైతే అడుగు ఆకులకు వెలుతురు అందదు. నాటే ఎడం పొట్టి రకాలకు 45 నుంచి 60 సెంటీమీటర్లు, పొడవు రకాలకు 90 నుంచి 120 సెంటీమీటర్లు ఉండాలి. నాటేటప్పుడు పాటించే ఈ ఎడమే తరువాతి కాలపు కత్తిరింపు శ్రమను నిర్ణయిస్తుంది.

వృద్ధి నియంత్రకాలు

పాక్లోబ్యుట్రజాల్ వంటి నియంత్రకాలు మొక్కలో జిబ్బరెల్లిన్ల తయారీని అడ్డుకొని కణుపుల మధ్య దూరాన్ని తగ్గిస్తాయి. కుండీ మొక్కలను ఒకే ఎత్తులో అమ్మకానికి సిద్ధం చేసే నర్సరీలకు ఇవి ఉపకరించవచ్చు. నేలలో నాటిన పొదలకు వీటి అవసరం తక్కువ. పాక్లోబ్యుట్రజాల్ మట్టిలో చాలాకాలం నిలిచి, తరువాత నాటే మొక్కలపై కూడా ప్రభావం చూపుతుంది. సున్నం వల్ల ఇప్పటికే గిడసబారిన పొదపై దీన్ని వాడటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

పరిశోధనకు అవకాశం

ఈ విషయం విద్యార్థుల పరిశోధనకు అనువైనది. సహజ సున్నపు నేల, ఎత్తు మడి అనే రెండు మాధ్యమాలను ప్రధాన మడులుగా, కత్తిరింపు లేకపోవడం, సమంగా కొట్టడం, మూడోవంతు పద్ధతి అనే మూడింటిని ఉప మడులుగా తీసుకొని స్ప్లిట్ ప్లాట్ నమూనాలో ఆరు పునరావృత్తాలతో ప్రయోగం వేయవచ్చు. ఉప మడికి ఐదు మొక్కల చొప్పున 36 ఉప మడులకు 180 మొక్కలు సరిపోతాయి. ఎత్తు, రెండు దిక్కులలో వ్యాప్తి, కణుపుల మధ్య దూరం, ఆకు పచ్చదనం, క్రియాశీల ఇనుము, చదరపు మీటరుకు పూగుత్తుల సంఖ్య, కత్తిరింపుకు పట్టిన కూలి గంటలు నమోదు చేయాలి. వేర్లు సంచిమట్టిని దాటిన తరువాతనే నేల ప్రభావం బయటపడుతుంది గనుక ప్రయోగం కనీసం రెండేళ్ళు సాగాలి. జగ్గయ్యపేట మండలం గరికపాడులోని కృషి విజ్ఞాన కేంద్రం పరిధిలో ఇటువంటి ప్రదర్శన మడులు వేస్తే స్థానిక నర్సరీలకు, పురపాలక సిబ్బందికి కూడా కంటికి కనిపించే పాఠమవుతుంది.

ముగింపు

జగ్గయ్యపేట, నందిగామల్లో పొట్టి నూరువరహాలు పెంచదలచినవారు వరుసగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కొన్న మొక్క నిజంగా పొట్టి రకమేనా? నేలలో, నీటిలో సున్నం ఎంత? పొద చిన్నదిగా ఉండటం ఆరోగ్యంతోనా, లోపంతోనా? ఈ మూడింటికి జవాబు దొరికిన తరువాతే కత్తెర పట్టాలి. ఎత్తు మడి కట్టడానికి, ఏటా నేల పరీక్ష చేయించడానికి వీలులేని చోట, ముఖ్యంగా రహదారి మధ్య నాటే పొడవైన వరుసలలో, నూరువరహాలకు బదులు సున్నాన్ని, ఎండను తట్టుకునే పొట్టి గన్నేరు రకాలను, కాగితంపూల మొక్కను సిఫారసు చేయడమే ఉచితం. గన్నేరు అన్ని భాగాలూ విషపూరితం కనుక పశువులు తిరిగే చోట, పిల్లలు ఆడే చోట దాన్ని నాటరాదు. పట్టించుకునే మనిషి ఉన్న ఇంటి ముంగిట, గుడి ఆవరణలో, పాఠశాల మడిలో మాత్రం నూరువరహాలకు చోటివ్వవచ్చు. అక్కడ మట్టిని, నీటిని సరిచూసుకుంటే పొద తన సహజ పరిమాణంలోనే ఉండి చాలా ఏళ్ళు పూస్తుంది.